నల్ల గుండీ, కాఫీ గుండీ

ద్రీకా ఫిలాండర్‌ను ముప్పై ఏళ్లలో ఒక్క సాలీడు కూడా కరవలేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆమె సంగతి ఎత్తగానే అందరూ అడిగేది అదే. కేప్ టౌన్ నుంచి వచ్చిన ఒక పత్రికాయన ఆమె చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క మచ్చా కనబడక, ఫోటో కూడా తియ్యకుండా వెళ్లిపోయాడు. ఏ ప్రమాదమూ జరగని మనిషి గురించి రాయడానికి ఏముందనుకున్నాడు కాబోలు. ఆయన నా దగ్గరికి వచ్చి ఉంటే చెప్పేదాన్ని. రాలేదు కాబట్టి ఇప్పుడు నేనే రాస్తున్నాను.

నేను కోరన్‌ఫ్లే ఆస్పత్రిలో ఇరవై ఆరేళ్లు నర్సుగా చేశాను. పేరు వెరోనికా అడోనిస్, కానీ మా అమ్మ పోయాక ఆ పేరుతో ఎవరూ పిలవలేదు, ఊరందరికీ సిస్టర్‌నే. పద్దెనిమిది మంచాల ఆస్పత్రి. చుట్టూ ఎటు చూసినా గోధుమ చేలు. నవంబరులో కోతలు మొదలవగానే మా వరండా మూడు రకాల మనుషులతో నిండిపోతుంది: చేతులు నలిగినవాళ్లు, ఎండదెబ్బ తిన్నవాళ్లు, సాలీడు కరిచిందనుకునేవాళ్లు. మూడో రకంవాళ్లే ఎక్కువ, గోల కూడా వాళ్లదే ఎక్కువ.

మా సాలీడు పొట్ట గుండ్రంగా, నున్నగా, చొక్కా గుండీలా ఉంటుంది. అందుకే దాన్ని గుండీ అంటాం. చిక్కంతా ఆ పేరుతోనే వచ్చింది, గుండీలు రెండు రకాలు మరి. కాఫీరంగుది మనుషుల మధ్యే కాపురం పెడుతుంది: కుర్చీ అడుగున, ఉత్తరాల పెట్టెలో, మరుగుదొడ్డి తలుపు మూల. నల్లది పొలంలో ఉంటుంది: రాళ్ల కింద, కోసిన మోళ్ల మధ్య, గడ్డిమోపుల్లో. కాఫీదాని పొట్ట కింద ఎర్రగా ఇసుక గడియారం గుర్తు ఉంటుంది. నల్లదాని పొట్ట కింద ఏమీ ఉండదు. ఉంటే గింటే వీపు చివర చిన్న ఎర్ర గీత ఉంటుంది, ముసలిదయ్యేసరికి అదీ మాసిపోతుంది. మనిషిని మంచాన పడేసేది ఈ నల్లదే.

కానీ మా ఆస్పత్రి వరండాలో ఒక పోస్టరు ఉండేది. ఎవరు, ఎప్పుడు అతికించారో తెలీదు. అందులో ఏదో పరాయి దేశపు సాలీడు, ఒళ్లంతా నలుపు, పొట్ట కింద ఎర్రటి ఇసుక గడియారం. కింద పెద్దక్షరాలతో, ఈ గుర్తు కనిపిస్తే ప్రాణాపాయం అని. దాన్ని పీకెయ్యమని పైఅధికారులకు మూడుసార్లు రాశాను. ప్రతిసారీ పరిశీలిస్తామని జవాబొచ్చింది. ఈలోపు జిల్లా అంతా ఆ పాఠం నేర్చేసుకుంది: సాలీడు కరిస్తే పట్టు, తిరగెయ్యి, ఎర్రగా ఉంటే ఏడువు. నల్లదాన్ని తిరగేసి, గుర్తేమీ లేదు కదా అని చేత్తో దులిపేసి పనిలోకి పోయినవాళ్లు మధ్యాహ్నానికి పొట్ట పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు.

ద్రీకా ఆ పోస్టరు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా దానికేసి చూసి మూతి విరిచేది. ఆమె బాసన్ ఫార్మ్‌లో కూలీల ఇళ్ల వరసలో పుట్టింది. నాలుగో తరగతితో చదువు ఆగింది. పంతొమ్మిదో ఏట ఇసాక్‌ను పెళ్లాడింది. అతను గొర్రెల బొచ్చు కత్తిరించడంలో, గడ్డిమోపులు పేర్చడంలో గట్టివాడు. పెళ్లైన రెండో కోతల్లో అత్తగారిని నల్లది కరిచింది. మూడు రోజులు ఆవిడ మంచం మీద కూర్చోలేక, పడుకోలేక, గదిలో గోడ నుంచి గోడకు నడుస్తూనే ఉంది. ద్రీకా ఆ మూడు రోజులూ ఆవిడ వెనకాలే నడిచింది. తర్వాత పొలానికి వెళ్లి, రాళ్లు ఎత్తి, ఆ పురుగు ఎలా బతుకుతుందో చూడటం మొదలుపెట్టింది. భయం తీరాలంటే దాన్ని చూస్తూ ఉండాలి అనేది.

ఆ రోజుల్లోనే నగరంలోని ల్యాబ్ నుంచి ఫూరీ అనే ఆయన వచ్చాడు. విరుగుడు మందు తయారీకి నల్లగుండీలు వందల్లో కావాలి. వాటి విషం కొంచెం కొంచెంగా గుర్రాలకు ఎక్కించి, ఆ గుర్రాల రక్తంలోంచి మందు తీస్తారు. ఫార్మ్‌ల వాళ్లంతా డబ్బాలకు డబ్బాలు తెచ్చిచ్చారు, అన్నీ కాఫీవే. ఆయన కారులో కూర్చుని ఒక్కొక్కటీ చూసి పక్కన పెట్టేస్తున్నాడట. ద్రీకా ఒక ఆప్రికాట్ జామ్ సీసాలో నాలుగు తెచ్చింది. నాలుగూ నల్లవే. ఎలా పోల్చావమ్మా అని అడిగితే, రంగు చూస్తే మోసపోతారు సార్, గుడ్డు చూడండి అంది. నల్లదాని గుడ్లసంచి నున్నగా శనగగింజలా ఉంటుంది. కాఫీదాని సంచికి ఒళ్లంతా ముళ్లే, అచ్చం పల్లేరుకాయ. కాఫీది ముసలిదైతే నల్లబడుతుంది, కానీ దాని గుడ్డు మాత్రం నున్నబడదు. ఫూరీ ఆ సాయంత్రం వాళ్లింట్లోనే స్నూక్ చేప తిని, బ్లాక్ కాఫీ తాగి, ఆమెను పనిలో పెట్టుకుని వెళ్లాడు.

ఆమె పనిముట్లు రెండే, ఒక సూప్ గరిటె, ఒక జామ్ సీసా. రాయి ఎత్తి, గూడు కింద సీసా పెట్టి, పైనుంచి గరిటెతో తడితే గుండీ చచ్చినట్టు నటించి సీసాలోకి రాలిపడేది. సీసాకు ఒకటే. రెండు వేస్తే పొద్దుటికి ఒకటే మిగులుతుంది. కోతల కాలంలో ఆమె వంటింటి అరల నిండా సీసాలే, ఒక్కో సీసాలో ఒక్కో పేడపురుగు తింటూ ఒక్కో గుండీ. చుట్టాలు రావడం మానేశారు. ఇసాక్ మాత్రం అందరికీ చెప్పుకునేవాడు, మా ఆవిడకు పెంపుడు పిల్లలు నూటయాభై, నేను నూటయాభై ఒకటో వాణ్ణి, నాకూ ఒక మూత పెట్టేస్తే పీడా పోతుంది అని.

ఫూరీ ఒక ఏడాది ఆమె పంపిన రెండు రకాల విషాన్నీ చుక్కకు చుక్క పోల్చి చూశాడు. ఎలుకల మీద, గినీపందుల మీద. ఆస్ట్రేలియా నుంచి ఎర్రవీపుదాన్ని, అమెరికా నుంచి ఒకదాన్ని, ఆసియా గడ్డి మైదానాల నుంచి ఇంకొకదాన్ని కూడా తెప్పించాడట. అన్నీ ఒక్క వంశమే, మగసాలీడును తినేస్తుందన్న పేరు అన్నిటికీ ఉంది. మళ్లీ వచ్చినప్పుడు ద్రీకా ఆయన్ని నిలదీసింది, ఇంతకీ ఎవరి విషం ఎక్కువ అని. ఆ సంభాషణ ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

"ఎలుకను అడిగితే ఒక మాట చెప్తుంది, గినీపందిని అడిగితే ఇంకో మాట చెప్తుంది. ఎవర్ని అడగమంటావు?" అన్నాడట ఫూరీ.

"మనిషిని అడగండి సార్."

"మనిషిని అడిగితే నన్ను జైల్లో వేస్తారమ్మా."

తర్వాత నింపాదిగా చెప్పాడట. చుక్కకు చుక్క తూస్తే కాఫీది జనం అనుకున్నంత వెనకబడి లేదు. కానీ దాని తిత్తి చిన్నది, అది ఇచ్చేది తక్కువ. నల్లది దండిగా పోస్తుంది. కాబట్టి జాబితాలో ఎవరు ముందు, ఎవరు వెనక అని చదువుకుని లాభం లేదు. ద్రీకాకు ఈ మాట బాగా నచ్చింది. ఆ తర్వాత మా ఆస్పత్రి తరఫున ప్రతి ఏడూ కోతల ముందు ఫార్మ్‌లు తిరిగి, ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి కూలీలకు చెప్పేది. గొంతు పెద్దది. మైకు అక్కర్లేదు.

ఇసాక్ తాగుడు గురించి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ కథే లేదు. మా వైపు వైన్ తళతళలాడే పలచని రేకు సంచుల్లో వస్తుంది, ఐదు లీటర్లు, చవక. శనివారం సాయంత్రం సంచి భుజాన వేసుకుని బయల్దేరితే సోమవారానికి మనిషయ్యేవాడు. ద్రీకాను కొట్టలేదు, ఆ మాట ఆమే చెప్పింది. కానీ తాగలేదని ఒట్టేసి మరీ అబద్ధం ఆడేవాడు, పిల్లల మీద, పోయిన తల్లి మీద ఒట్లు. ఆమెకు తాగుడు కన్నా ఆ ఒట్లంటేనే అసహ్యం. ఒక ఈస్టర్ సోమవారం సగం సంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టి, పారబొయ్యి అన్నాడు. పారబోసింది. తర్వాత పదకొండేళ్లు అతను ముట్టలేదు. ఫార్మ్‌లో మేస్త్రీ కానీ, చర్చిలో పెద్దలు కానీ అది పూర్తిగా నమ్మలేదు. మా వైపు తాగుబోతన్న పేరు మనిషి మానేసినా మానదు. ద్రీకా ఒక్కతే నమ్మింది, అందరూ అలాగే అనుకున్నాం, ఆమె కూడా అలాగే అనుకుంది.

ఆ పదకొండో ఏడు నవంబరు చివరి శనివారం, పదకొండు దాటాక బాసన్ ఫార్మ్ యజమాని తన కారులో భార్యను ఆస్పత్రికి తెచ్చాడు. బాసన్ మేడమ్ తోటలో కుర్చీలో కూర్చుంటే చెయ్యి మీద సాలీడు కరిచింది. ఆమె దాన్ని గ్లాసు బోర్లించి పట్టి, సీసాలో వేసి తెచ్చింది. నల్లగా నిగనిగలాడుతోంది. కింద నిప్పులాంటి ఇసుక గడియారం. మేడమ్ చెయ్యి ఎర్రగా ఉబ్బింది, మంటకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. బాసన్ వరండాలో పోస్టరు దగ్గర నిలబడి, ఇదే, అచ్చం ఇదే అని దాని మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు.

డ్యూటీలో ఉన్నది డాక్టర్ మున్యాయ్. ఉత్తరాన లింపోపో నుంచి వచ్చి మూడు నెలలే అయింది. చిన్నపిల్ల, కానీ తొందరపడే మనిషి కాదు. వాళ్ల ఊళ్లో అన్నీ కాఫీవే, నల్లదాని కాటు ఆమె ఎప్పుడూ చూడలేదు. పుస్తకం చూసింది. పుస్తకంలోనూ పోస్టరులో ఉన్న బొమ్మే. ఆ ఏడు విరుగుడు మందు దొరకడం కష్టంగా ఉంది. మా ఫ్రిజ్‌లో ఒక్కటే సీసా. ఇంకోటి కావాలంటే గంటన్నర దూరం, అంబులెన్సు అప్పటికే ఇంకెక్కడికో వెళ్లింది. డాక్టర్ ఫ్రిజ్ తలుపు తీసి, ఆ సీసా చేతిలో పట్టుకుని నాకేసి చూసింది. ద్రీకాను పిలుద్దాం అన్నాను. బాసన్ ఊరుకోలేదు. నా భార్య ప్రాణం నా కూలీమనిషి నోటి మాట మీద ఆగాలా అన్నాడు. ఇరవై నిమిషాలు చూద్దాం సార్, ఆమె బీపీ బాగానే ఉంది అంది డాక్టర్, మర్యాదగా, కానీ కదలకుండా.

ద్రీకా పక్కింటివాళ్లకు ఫోన్ చేస్తే, ఆమె ఎవరిదో వ్యాను పట్టుకుని వచ్చింది. ముఖం మాడ్చుకుని ఉంది. శనివారం పూట పిలిచినందుకు నా మీద కోపమేమో అనుకున్నాను. నన్ను పలకరించలేదు. తిన్నగా వెళ్లి సాలీడున్న సీసా అందుకుని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. తిరగేసి చూడలేదు.

"మేడమ్, కుర్చీ అడుగున ముళ్ల ఉండలేమైనా కనిపించాయా?"

"ఉన్నాయి. రెండో మూడో," అంది బాసన్ మేడమ్.

"అయితే కాఫీదే. ముసలిది, అందుకే నలుపెక్కింది."

"దాని పొట్ట కింద ఎర్రగా ఉంది కదా, నీకు కళ్లు కనబడటం లేదా?" అన్నాడు బాసన్.

"అది ఉంది కాబట్టే కాఫీది బాస్. మన నల్లదానికి కింద ఏమీ ఉండదు. ఆ గోడ మీద బొమ్మ మన ఊరిది కాదు."

డాక్టర్ ముందుకు వచ్చింది. అంటే దీనిలో విషం తక్కువా అని అడిగింది. ద్రీకా తల అడ్డంగా ఊపింది.

"విషం తక్కువని కాదు డాక్టర్. కారం రెండిట్లోనూ ఉంది. ఇది చిటికెడు వేస్తుంది, అది గరిటెడు పోస్తుంది. మేడమ్‌కు రేపటిదాకా చెయ్యి మండుతుంది, అంతే. ఆ మందు దాచుకోండి."

డాక్టర్ మందు సీసా ఇంకా ఫ్రిజ్‌లో పెట్టలేదు. నేనెప్పుడూ నల్లదాని కాటు చూడలేదు ఆంటీ, అది కరిస్తే మనిషి ఎలా ఉంటాడో చెప్పండి, తేడా నాకు తెలియాలి అంది. ద్రీకా నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుంది. ట్రాలీ ఎక్కినప్పుడు నిలబడే తీరు అది. ఆ పాఠం ఆమెకు నోటికి వచ్చు, నాకూ వచ్చు.

"కరిచినట్టే తెలీదు. ముల్లు గుచ్చుకుంది అనుకుంటారు. గంట తిరిగేలోగా గజ్జల్లోనో చంకలోనో బిళ్ల కడుతుంది. తర్వాత నొప్పి పొట్టలోకి ఎక్కుతుంది, పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది. చెమటలు కారిపోతాయి, చొక్కా పిండొచ్చు. కూర్చోలేడు, పడుకోలేడు, తూలుతూ తిరుగుతూనే ఉంటాడు. కళ్లు ఎర్రబడతాయి, మాట ముద్దగా వస్తుంది. మేస్త్రీలూ, పెళ్లాలూ, అందరూ వినండి, చూసినవాళ్లు వీడు తాగొచ్చాడని..."

అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత ఏముందో నాకు తెలుసు: తాగొచ్చాడని అనుకుంటారు, అలా అనుకుని పడుకోబెట్టొద్దు, వెంటనే ఆస్పత్రికి పట్టుకురండి. మర్చిపోయిందేమో అని నేను అందించబోయాను. నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టర్, ఇసాక్."

"ఏమైంది ఇసాక్‌కు?"

"ఇంట్లో ఉన్నాడు. వెనక గదిలో. పొద్దున తొమ్మిదింటి నుంచీ. నేనే బయట గడియ పెట్టాను."

గోడ గడియారం పన్నెండూ పది చూపిస్తోంది. ఇసాక్ రెండేళ్లుగా నా దగ్గరే గుండె మాత్రలు తీసుకుంటున్నాడు. ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాను. ఆమె మందు సీసా, సిరంజీలు సంచిలో వేసుకుని, ఎవరి బండి వేగంగా పోతుంది అని మాత్రం అడిగింది. మంచం మీంచి మేడమ్, నా పొట్ట మెత్తగానే ఉంది, మీరు వెళ్లండి అంది. బాసన్ జేబులోంచి తాళాలు తీశాడు. ఆ మనిషి గురించి నేను చెడ్డగా చాలా చెప్పగలను, కానీ ఆ రోజు అతను మట్టిరోడ్డు మీద కారు నడిపిన తీరుకు వంక పెట్టలేను.

కారులో ద్రీకా నా పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఎవరూ అడగలేదు. ఏడున్నరకు ఇసాక్ గడ్డిమోపులు పేరుస్తుంటే చీలమండ దగ్గర మోడు గుచ్చుకుంది. ఎనిమిదిన్నరకు చెమటలు పట్టి తూలుతుంటే మేస్త్రీ చూసి, మళ్లీ మొదలెట్టావా, ఇంటికి పోయి పడుకో అని తరిమేశాడు. ఇంటికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాట తడబడుతోంది. గోడ పట్టుకుని నిలబడి, నేను తాగలేదు ద్రీకా, అమ్మ మీద ఒట్టు అన్నాడు. ఆ ఒట్టే కొంప ముంచింది. పదకొండేళ్ల కింద విన్న ఒట్టు అదే కదా అంది ఆమె. మూడుసార్లు చెప్పాడట తాగలేదని. మూడోసారి చెప్తుంటే గదిలోకి తోసి గడియ పెట్టింది. కాసేపు తలుపు కొట్టాడు. కాసేపు నీళ్లడిగాడు. తర్వాత అడగలేదు. ఆమె వంటింట్లో కూర్చుని సోమవారం ల్యాబ్‌కు పంపాల్సిన నలభై ఒక్క సీసాలకు చీటీలు అంటించింది. నలభై ఒకటీ నల్లవే.

ఇది వింటుంటే నాకు ఆమె మీద ఒళ్లు మండింది. జాలి తర్వాతెప్పుడో వచ్చింది. ఊళ్లో ప్రతి మేస్త్రీకి, ప్రతి పెళ్లానికి చెప్పి వచ్చిన మనిషి కదా.

గడియ తీసేసరికి ఇసాక్ నిలబడే ఉన్నాడు. కిటికీ దగ్గర నుంచి మంచం దాకా, మంచం దగ్గర నుంచి కిటికీ దాకా, నడుము వంచి, చిన్న చిన్న అడుగులు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. మమ్మల్ని చూసి ఆగలేదు. డాక్టర్ అతణ్ణి పట్టి పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి పెట్టింది, తర్వాత నా చెయ్యి తీసి అక్కడ పెట్టింది. చెక్కే. నాడి తప్పి తప్పి కొడుతోంది. ఎడమ చీలమండ మీద రెండు సన్నటి చుక్కలు, వాటి చుట్టూ చెమట బొట్లు. ఆ గదిలోనే, ఆ మంచం మీదే, పన్నెండున్నర దాటాక మందు ఎక్కించాం. ద్రీకా గుమ్మం దాటి లోపలికి రాలేదు.

బాసన్ కారు వెనక సీట్లో పడుకోబెట్టి ఆస్పత్రికి తెచ్చాం. మూడున్నరకు పొట్ట బిగువు వదిలింది. నాలుగింటికి చెమటలు ఆగాయి. గుండె మాత్రం అప్పటికీ దారికి రాలేదు. గుండె నిలబడితే నిలబడుతుంది, ఆలస్యం చాలా అయింది అని డాక్టర్ ద్రీకాకు ముఖం మీదే చెప్పింది. ద్రీకా తలూపి, వరండాలో బల్ల మీద కూర్చుంది. ఇంటికి వెళ్లమంటే వెళ్లలేదు, రొట్టె పెడితే తినలేదు. ఇసాక్ ఫిలాండర్ తాగి ఆస్పత్రి పాలయ్యాడట అని మేస్త్రీ అప్పటికే ఊరంతా చాటేశాడు. చర్చి నుంచి పలకరించడానికి వచ్చిన ఒకావిడ ద్రీకా భుజం తట్టి, మగాళ్లింతేనమ్మా అంది. ద్రీకా ఆమెను చూసి, అతను తాగలేదు, తాగాడన్నది నేను అంది. ఆ సాయంత్రం పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ అదే మాట చెప్పింది, గొంతు పెంచకుండా, తగ్గించకుండా.

ఆదివారం తెల్లారేసరికి ఇసాక్ గుండె సరిగా కొట్టుకుంటోంది. ఏడింటికి నేను థర్మామీటరు పట్టుకుని వార్డులోకి వెళ్లేసరికి అతను దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది. ద్రీకా మంచం పక్కన నిలబడి ఉంది, చేతిలో ఫ్లాస్కు. నేను గుమ్మం దగ్గరే ఆగాను. అతను ఆమెకేసి చూడటం లేదు, దుప్పటి అంచుకేసి చూస్తున్నాడు.

"మూడుసార్లు చెప్పాను," అన్నాడు.

"చెప్పావు."

"నా నోరు వాసన చూశావా?"

"చూడలేదు."

"ఒక్కసారి దగ్గరికి వచ్చి వాసన చూస్తే తెలిసేది కదే. ఎందుకు చూడలేదు?"

ద్రీకా ఫ్లాస్కు కింద పెట్టింది. పక్క మంచం ముసలాయన కూడా దగ్గడం ఆపి వింటున్నాడు.

"వాసన వస్తుందేమోనని భయమేసింది," అంది.

ఇసాక్ అప్పుడు తల తిప్పి ఆమెను చూశాడు. కోపంగా చూస్తాడనుకున్నాను. ఏ భావమూ లేదు ఆ చూపులో, అలసిపోయి ఉన్నాడు. చెయ్యి చాచి ఆమె మెడ వెనక పట్టి ముఖం దగ్గరికి లాక్కున్నాడు. నోరు తెరిచి, లోపలున్న ఊపిరంతా ఆమె ముఖం మీదికి వదిలాడు.

"చూడు ఇప్పుడు."

ఆమె కళ్లు మూసుకుని వాసన చూసింది. ఒకసారి కాదు. అతను ఊపిరి తీసుకుని మళ్లీ వదిలాడు, ఆమె మళ్లీ చూసింది.

"ఏమీ లేదు," అంది.

"పదకొండేళ్ల నుంచీ లేదు," అన్నాడు ఇసాక్, ఆమె మెడ మీద చెయ్యి తియ్యకుండా.

నేను థర్మామీటరు పట్టుకుని ముందుగా పక్క మంచం దగ్గరికి వెళ్లాను.